మూడు నెలల మందులు

తార్నాకలో మా మెడికల్ షాపు మెయిన్ రోడ్డు మీద ఉండేది కాదు, బాగా లోపలికి, ఒక సందులో ఉండేది. మెయిన్ రోడ్డు మీద షాపులవాళ్ళకి దారిన పోయేవాళ్ళంతా గిరాకీయే. మా సందులోకి మాత్రం పనిగట్టుకుని వచ్చేవాళ్ళే వచ్చేవాళ్ళు. మా ఆయనా నేనూ ఇద్దరం ఫార్మసీ చదివినవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఈ షాపు పెట్టుకున్నాం. పిల్లలు కలగలేదు. ఆయన గుండెజబ్బుతో పోయాక షాపు నేనొక్కదాన్నే చూసుకున్నాను. నల్లకుంటలో ఉండే మా తమ్ముడు, షాపు ఎవరికైనా అప్పజెప్పి తన ఇంటి పైవాటాలోకి వచ్చెయ్యమని కొన్నాళ్ళు పోరు పెట్టి, తర్వాత ఊరుకున్నాడు. నేను వెళ్ళకపోవటానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంట్లో ఉంటే పొద్దున్నే పాలు తెచ్చే మనిషితో మాట్లాడాక మళ్ళీ నోరు తెరవాల్సిన పని పడదు. షాపులో పడుతుంది.

అలా మాట్లాడేందుకు మనుషులుండటం నా అదృష్టం అనుకునేదాన్ని. అది ప్రభుత్వం చేసిన ఒక ఏర్పాటు వల్ల జరుగుతోందని అప్పట్లో తోచలేదు.

ఆ ఏర్పాటు ఇదీ. రిటైరైన ఉద్యోగులకీ వాళ్ళ కుటుంబాలకీ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన హెల్త్ కార్డు మా షాపులో చెల్లేది. బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె, ఇలా రోజూ వాడాల్సిన మందులు కార్డు చూపించి చేతినుంచి పైసా పెట్టకుండా తీసుకెళ్ళేవాళ్ళు. మేము బిల్లులు పంపితే ప్రభుత్వం ఆ సొమ్ము తర్వాత మాకు ఇచ్చేది. ప్రతి పేటలోనూ ఇలా అనుమతి ఉన్న షాపు ఒకటో రెండో ఉండేది. మా వైపున మాదే. అందుకని పెన్షన్ పడిన మర్నాటి నుంచి ఒక వారం పాటు మా షాపు ముందు బెంచీ ఖాళీగా ఉండేది కాదు. రిటైరైన టీచర్లు, గుమాస్తాలు, డ్రైవర్లు, వాళ్ళ భార్యలు, భర్త పోయి ఒక్కళ్ళే మిగిలిన ఆడవాళ్ళు. మందులు కట్టివ్వటానికి ఐదు నిమిషాలు చాలు. వాళ్ళు మాత్రం గంట కూర్చునేవాళ్ళు. ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందీ, ఎవరి కోడలికి ఏ నెలా, ఏ డాక్టరు ముఖం చూసి మాట్లాడతాడూ, ఎవరు చూడరూ, అన్నీ అక్కడే తేలేవి.

వాళ్ళల్లో అడిక్‌మెట్ నుంచి వచ్చే పెద్దమ్మ ఒకామె. భర్త ఏదో ఆఫీసులో జీపు డ్రైవరుగా చేసి పోయాడు. ఆమెకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. డెబ్భై దాటిన మనిషి. బస్సు ఎక్కదు, ఆటో ఎక్కదు. పొద్దున్నే బయలుదేరి యూనివర్సిటీ క్యాంపస్‌కి అడ్డంపడి నడుచుకుంటూ తార్నాక వచ్చేసేది. మధ్యలో బండరాళ్ళ దగ్గర కూర్చుని అలుపు తీర్చుకుంటానని చెప్పేది. షాపు తెరిచేసరికి బెంచీ మీద ఉండేది, చెప్పులు విప్పి, కాళ్ళు ఊపుకుంటూ.

"నీకన్న ముందే ఒచ్చిన సూడు బిడ్డా," అనేది. "గా నెమళ్ళు గూడ ఇంకా లెవ్వలే."

ఆమెకి చదువు రాదు. మాత్రల్ని రంగుని బట్టి గుర్తుపట్టేది. గులాబీది పొద్దున తినకముందు, పసుపుది తిన్నాక, తెల్లది పడుకునేముందు. నేను ప్రతి నెలా అదే చెప్పేదాన్ని, ఆమె ప్రతి నెలా మొదటిసారి విన్నట్టు వినేది. తర్వాత తన సంగతులు చెప్పేది. నిజానికి తన గురించి పెద్దగా చెప్పేది కాదు. దారిలో ఏం కనబడిందో చెప్పేది, ఏ కూర వండిందో చెప్పేది, నేనేం వండుకున్నానో అడిగేది. నేను పెరుగన్నం అంటే కోప్పడేది.

"ఒక్కదానికేగా అని పెరుగన్నం తింటవా? ఒక్కదానివైతే మాత్రం కడుపు గాదా అది?"

ఆమె కూడా నాలాగే ఒంటరిదని నేను అనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలీదు. ఎప్పుడూ ఒక్కతే వచ్చేది కాబట్టి కావచ్చు.

మొదటి మార్పు వచ్చినప్పుడు నేను పెద్దగా భయపడలేదు. ఏ కంపెనీ మందు ఇచ్చినా సరే, ఆ రకం మందుల్లో అన్నిటికన్నా తక్కువ ధర ఏదో ఆ ధరే చెల్లిస్తామని ప్రభుత్వం రూలు తెచ్చింది. మందు అదే కదా, పేరుకి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి? న్యాయమే. నేను కూడా తక్కువ ధర కంపెనీల మందులే తెప్పించటం మొదలుపెట్టాను. కష్టమల్లా రంగులతో వచ్చింది. గులాబీ మాత్ర తెల్లగా మారింది, తెల్లది గుండ్రంగా ఉండేదల్లా పొడుగ్గా వచ్చింది. బెంచీ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ వివరంగా చెప్పాల్సి వచ్చేది. చెప్పటం నాకు ఇష్టమే. పెద్దమ్మకయితే ప్యాకెట్ మీద స్కెచ్ పెన్నుతో పొద్దుటి మాత్రకి సూర్యుణ్ణి, రాత్రి మాత్రకి నెలవంకనీ గీసిచ్చేదాన్ని.

"నీ సూర్యుడు దోసకాయలెక్కున్నడు," అని నవ్వేది.

రెండో మార్పు ఒక సర్క్యులర్‌గా వచ్చింది. ఇకమీదట ఈ మందులన్నీ ప్రభుత్వం నడిపే హెల్త్ సెంటర్లలోనే ఇస్తారు, ప్రైవేటు షాపులతో ఉన్న ఒప్పందం కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి ఉండదు. అంతే. పొడుగాటి కాగితమేమీ కాదు. ఫోన్లో వచ్చింది. అనుమతి ఉన్న షాపులవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపుండేది, అందులో ఎవరో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలూ, కోపం ముఖాలూ వచ్చాయి.

ఆ వారంలోనే షాపులవాళ్ళు నల్లకుంటలో ఒక ఫంక్షన్ హాలు కింది అంతస్తులో మీటింగ్ పెట్టుకున్నారు. వెళ్ళాను. ఉన్నవాళ్ళల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అందరూ ఒకేసారి మాట్లాడారు. కోర్టుకి పోదామని ఒకరు, మినిస్టర్‌ని కలుద్దామని ఒకరు. పాత బిల్లుల మాటేమిటని మరొకరు. ఒకాయన మాత్రం మెల్లగా, "వాళ్ళు చెప్పేదాంట్లో తప్పేమున్నది భాయ్? సర్కారు టోకున కొంటే సస్తా పడ్తది. మనకే నష్టం, జనాలకి కాదు గదా," అన్నాడు. ఆయన మీద అందరూ లేచారు. నేను లేవలేదు. ఆయన అన్నది నిజమేనని నాకు తెలుసు. కానీ నాకు పోయేది ఆ లెక్కలో ఎక్కడా లేదు. లేచి చెబుదామంటే ఏమని చెప్పాలి? మా షాపుకి మనుషులు రారు అనా? సమోసా, టీ ఇచ్చారు. తినేసి వచ్చేశాను.

ఆ నెల పెన్షనర్లు వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ విషయం చెప్పాను. కొందరికి ముందే తెలుసు. కొందరు బాధపడ్డారు, కొందరు సెంటర్ ఎక్కడో కనుక్కుని వెంటనే రాసుకున్నారు. అందరికన్నా ఆఖర్న పెద్దమ్మకి చెప్పాను.

"అంటే నీ దగ్గర ఇయ్యరా ఇగ?"

"ఇవ్వరు పెద్దమ్మా. వారాసిగూడ వైపు సెంటర్ పెట్టారట. మీకు అదే దగ్గర, ఇంత దూరం నడిచే పని తప్పుతుంది."

"దగ్గరనే," అంది. "దగ్గరైతే ఏంది?"

నేను ప్యాకెట్ల మీద బొమ్మలు గీస్తూ కూర్చున్నాను. ఆమె లేచి చెప్పులేసుకుంది. వెళ్ళేముందు కౌంటరు మీద అరచెయ్యి పెట్టి, "మంచిగుండు బిడ్డా," అంది. ఊరెళ్ళేవాళ్ళు చెప్పినట్టు.

తర్వాత నెల మొదటి వారంలో బెంచీ ఖాళీగా ఉంది. ఎవరూ రారని నాకు తెలుసు, అయినా అలవాటుగా దాన్ని తుడిచాను.

షాపు మూతపడలేదు. అడిక్‌మెట్ రూముల్లో ఉండే విద్యార్థులు, ఈ పక్క హాస్టల్ పిల్లలు వచ్చేవాళ్ళు. తలనొప్పి మాత్ర, ఓఆర్ఎస్ ప్యాకెట్, దగ్గు మందు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండేవి. ఫోన్ తెర మీద మందు పేరు చూపించి, స్కాన్ చేసి, మందు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు, పరీక్షలు, పరుగులు. డబ్బు జమ అయిందని కౌంటరు మీది సౌండ్ బాక్స్ గట్టిగా చెప్పేది. రోజంతా మా షాపులో మాట్లాడింది అదొక్కటే. ఒకసారి సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తే "హలో" అనబోయాను, గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అక్కా అన్నాడు. అవునన్నాను.

పొద్దున్నే షాపు తెరవకముందు క్యాంపస్‌లోకి వాకింగ్‌కి వెళ్ళటం ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పాను. వాకింగ్‌కి వచ్చేవాళ్ళందరూ గుంపులు గుంపులుగా ఉంటారు. ఒక గుంపు నవ్వుల క్లబ్బు, ఒకటి యోగా, ఒకటి రాజకీయాలు. నేను వాళ్ళ పక్కనుంచి నడుస్తూ వాళ్ళ మాటలు వినేదాన్ని. బండరాళ్ళ దగ్గరికొచ్చాక నెమ్మదించేదాన్ని. పెద్దమ్మ కూర్చుంటానని చెప్పిన చోటు అక్కడ ఏదో నాకు తెలీదు, బోలెడు బండలు.

వేసవి అయిపోతుండగా ఒక రోజు ఆమే వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. బెంచీ మీద కూర్చోకుండా నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి సంచి బోర్లించింది. సెంటర్లో ఇచ్చిన మందులు.

"గివన్నీ ఏందో సమజైతలేవు బిడ్డా. మళ్ళ రంగులు మార్చిన్రు. ఆడ అడుగుదామంటే ఎన్కకెంచి నూకుతున్నరు."

ఒక్కొక్క మాత్రా చూశాను. మందులు సరైనవే, మంచివే. ఎప్పుడేది వేసుకోవాలో చెప్పి, ప్యాకెట్ల మీద బొమ్మలు గీశాను. ఆమె ముఖం తేటపడింది. వెళ్ళబోతూ ఆగి, షోకేసులోకి చూసి, "గా నొప్పుల బామ్ ఒకటియ్యి," అని కొనుక్కుంది.

ఆమె ఎవరితో చెప్పిందో, మరుసటి నెలకల్లా ఇంకా నలుగురైదుగురు అలాగే సంచులు పట్టుకొచ్చారు. మళ్ళీ బెంచీ మీద మనుషులు కూర్చున్నారు. వాళ్ళు మా దగ్గర కొనని మందుల్ని మా కౌంటరు మీద పోస్తే నేను వివరించి చెప్పేదాన్ని. ఆ వారం నేను కూర వండుకున్నాను. ఒకాయన దగ్గు బిళ్ళలు కొన్నాడు, ఇంకొకామె దూది కట్ట కొంది. పెద్దమ్మ మళ్ళీ బామ్ కొంది.

ఆ తర్వాత నెల ఆమె మూడో బామ్ అడిగినప్పుడు నాకు అర్థమైంది. అంత బామ్ ఎవరూ రాసుకోరు. నాతో చెప్పించుకున్నందుకు ఆమె బదులు తీరుస్తోంది.

"పెద్దమ్మా, బామ్ వద్దులెండి. ఇంట్లో ఉండే ఉంటాయి. నేను చెప్పే దానికి మీరు ఏదో ఒకటి కొనాలని లేదు. మీకు కావాల్సినప్పుడల్లా రండి."

ఆమె నా వంక చూసింది. దొరికిపోయినదానిలా సిగ్గుపడింది.

"అట్లెట్లొస్త బిడ్డా? ఇది దుకానమాయె. నీకు కిరాయి లేదా? కరెంటు లేదా?"

"అవన్నీ నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటవు. నాకు బాగుండొద్దా మరి?"

నేను నవ్వి మాట తప్పించాను. ఆమె ఆ రోజు బామ్ కొనకుండా వెళ్ళింది. మళ్ళీ రాలేదు. బామ్ ఇచ్చి ఉంటే వచ్చేదే. ఆమెకి రావటానికి ఉన్న ఒకే ఒక్క దారిని నేను మంచితనంతో మూసేశాను. మిగతావాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు తగ్గారు. ఎవరికీ నామీద కోపం లేదు. రోడ్డు మీద కనబడితే చెయ్యెత్తి పలకరించేవాళ్ళు. కొనేదేమీ లేకుండా ఒక షాపుకి ఎన్నిసార్లు వస్తారు?

దసరాకి ముందే షాపు ఖాళీ చెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఆదాయం కిరాయికి చాలట్లేదన్నది నిజం. దానికన్నా, రోజంతా ఆ బెంచీ ఎదురుగా కూర్చోలేకపోయానన్నది ఇంకా నిజం. మిగిలిన సరుకు డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి ఇచ్చేశాను. డ్రగ్ లైసెన్సు సరెండర్ చెయ్యటానికి ఆఫీసుకెళితే అక్కడి క్లర్కు, "ఎందుకు మేడం, ఏమైంది?" అని అడిగాడు. జవాబు చెప్పేలోగా అతనికి ఫోనొచ్చింది. షట్టర్ దించిన రోజు తమ్ముడు వచ్చాడు. ఇద్దరం కలిసి బోర్డు విప్పించాం. ఆ చోట ఇప్పుడు మొబైల్ రిపేర్ షాపుంది.

నేను తమ్ముడి పైవాటాకి అప్పుడు కూడా వెళ్ళలేదు. హెల్త్ సెంటర్లలో ఫార్మసిస్టులు చాలట్లేదని, కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారని పాత వాట్సాప్ గ్రూపులోనే చూసి దరఖాస్తు పెట్టుకున్నాను. యాభై దాటినదాన్ని, తీసుకోరనుకున్నాను. తీసుకున్నారు. పైగా ఎక్కడ కావాలని అడిగితే వారాసిగూడ వైపు సెంటర్ అన్నాను. అదే ఇచ్చారు.

సెంటర్ బాగానే ఉంటుంది. శుభ్రమైన హాలు, స్టీలు కుర్చీలు, టోకెన్ నంబర్లు చూపించే తెర. మందులకి కొరత లేదు. నాతో పాటు చేసే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి, చేతులు యంత్రంలా కదులుతాయి, అయినా విసుక్కోదు. మొదటి రోజు నాకు అన్నీ చూపించింది.

"మేడం, గ్లాసు మందంగా ఉన్నది, మనం మాట్లాడితే అటు వినపడదు. ఈ మైకు బటన్ నొక్కి చెప్పాలె. టూకీగ చెప్పండి, లేకపోతే లైన్ గేటు దాకా పోతది."

గాజుకి కింద మందులు తోసేంత సందు ఉంటుంది. కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టాలి, మందులు తియ్యాలి, ట్రేలో పెట్టి తొయ్యాలి, తర్వాతి టోకెన్. పాత షాపుకొచ్చినవాళ్ళల్లో చాలామంది ఆ వారంలోనే కనిపించారు. నన్ను గాజు వెనక చూసి ఆశ్చర్యపోయి నవ్వారు. పెదవులు కదిపి ఏదో అన్నారు, నాకు వినపడలేదు. నేనూ ఏదో అన్నాను. వెనక మనిషి ముందుకొచ్చాడు. రోజుకి అంతమంది మనుషుల ముఖాలు నేను జన్మలో చూడలేదు. సాయంత్రం క్యాంపస్‌లోంచి తార్నాకకి నడుస్తుంటే, షాపులో ఒంటరిగా కూర్చున్న రోజుల్లో లేనంత నిశ్శబ్దం చెవుల్లో ఉండేది.

మూడో రోజునో నాలుగో రోజునో పెద్దమ్మ వచ్చింది. కొంగు తలమీదుగా కప్పుకుని, కార్డు రెండు చేతుల్తో పట్టుకుని. నన్ను చూడగానే గాజుకి ముఖం ఆనించినంత దగ్గరికొచ్చింది. ఆమెకి డాక్టరు కొత్తగా ఒక మాత్ర రాశాడు. అది జాగ్రత్తగా చెప్పాల్సిన మాత్ర. నేను మైకు బటన్ నొక్కాను.

"పెద్దమ్మా, ఈ చిన్న మాత్ర రాత్రి పడుకునేముందు వేసుకోండి. ఒంటేలుకి మాటిమాటికీ లేవక్కర్లేకుండా చేస్తుంది."

నా గొంతు హాలంతా మోగింది. మైకు అంత గట్టిగా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలీదు, అప్పటిదాకా నేను "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" తప్ప ఏమీ అనలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. పెద్దమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, గాజు కింద సందు దగ్గరికి వంగి గట్టిగా అంది.

"ఏంది బిడ్డా, అందరికీ చెప్పినవ్! గేటు కాడ వాచ్‌మన్‌కి ఇనపడ్డదో లేదో, ఇంకోపారి చెప్పు!"

హాలంతా గొల్లుమంది. కుర్చీలోంచి లేచి ఆ సందు దగ్గరికొచ్చిన ముసలాయనెవరో, "మాక్కూడ గదే గోలి రాసిండు, సిగ్గుపడకమ్మా," అన్నాడు. మళ్ళీ నవ్వులు. పక్కనున్న అమ్మాయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నేను నవ్వాను. ఎన్నాళ్ళకి నవ్వానో, పక్కటెముకలు నొప్పెట్టి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి తెర మీద నంబరు మారింది. గాజుకి అవతల ఇంకెవరో కార్డు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దమ్మ లేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి బయటికొస్తే గేటు పక్క గోడ నీడలో కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉందట.

"ఇప్పుడు చెప్పు," అంది సంచి విప్పి. "మెల్లగ చెప్పు."

పక్కనే కూర్చుని చెప్పాను. బొమ్మలు గీశాను. తర్వాత ఇద్దరం నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వచ్చాం. ఆమె దారిలో ఉన్నవన్నీ నాకు చూపించింది. ఏ చెట్టు కింద వాన తడవకుండా నిలబడొచ్చో, ఏ కుక్క అరుస్తుంది గానీ కరవదో. అడిక్‌మెట్ వైపు దారి చీలే చోట ఆగి, "మల్ల నెలకి కలుద్దాం," అంది. నేను తార్నాక వైపు తిరిగాను.

అలా కొన్ని నెలలు జరిగింది. నెలకొకసారి ఆమె గేటు దగ్గర కూర్చునేది, నెలకొకసారి ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం. మిగతా రోజులు నేను ఆ రోజు గురించి ఆలోచించేదాన్ని.

మూడో మార్పు చాలా మంచి మార్పు. పెద్దవాళ్ళు నెలనెలా లైన్లో నిలబడలేకపోతున్నారని ఎవరో పైకి రాశారు, పైవాళ్ళు విన్నారు. ఇకనుంచి రోజువారీ మందులు మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇవ్వమని ఆర్డరొచ్చింది. హాల్లో నోటీసు అంటించినప్పుడు అందరూ చదివి సంతోషపడ్డారు. ఒకాయన మాకందరికీ లడ్డూలు తెచ్చి పంచాడు. పక్కనున్న అమ్మాయి, "మేడం, ఇగ మనకు గూడ రష్ తగ్గుతది, టైముకి అన్నం తినొచ్చు," అంది. నిజమే. నేను కూడా లడ్డూ తిన్నాను. మందుల పంపిణీ గురించి నన్నెవరైనా సలహా అడిగి ఉంటే, నేనూ ఇదే చెప్పి ఉండేదాన్ని.

పెద్దమ్మ ఆ నెల పెద్ద సంచితో వెళ్ళింది. చీలే చోట ఆగి, కాసేపు వేళ్ళు మడిచి లెక్కేసి, "అయితే ఇగ ఎండలు ముదిరినంకనే," అంది. "పానం జాగ్రత్త."

ఒక నెల గడిచింది. రెండో నెల మధ్యలో ఒక ఆదివారం నేను అడిక్‌మెట్ వెళ్ళాను. ఆమె ఇల్లెక్కడో తెలీదు. గుడి పక్క గల్లీ అని ఎప్పుడో అన్నది మాత్రం గుర్తుంది. ఆ గల్లీలో సగం ఇళ్ళకి 'స్టూడెంట్స్‌కు రూములు' అని బోర్డులున్నాయి. కిరాణా షాపులో అడిగితే, "జీపు డ్రైవరాయన భార్యనా? గా నీలం గేటు," అని చూపించారు. దారి పొడుగునా నేను ఆ ఇంటిని ఊహించుకుంటూనే వచ్చాను. ఒక గది, ఒక కుక్కర్, కిటికీలో మందుల ప్యాకెట్లు. ఒంటరి ఆడవాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

గేటు తోసేసరికి వాకిట్లో చెప్పుల కుప్ప. లోపల టీవీ, మిక్సీ, ఎవరో ఏడుస్తున్న పసిబిడ్డ, ఎవరో వాడికి జోలపాడుతున్న గొంతు. ఇద్దరు కూతుళ్ళూ, అల్లుడూ, మనవలూ, మేడ మీద గదుల్లో ఆమె సొంత పిల్లల్లా తిరిగే కిరాయి విద్యార్థులూ. పెద్దమ్మ మధ్యలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి కాయలు పక్కన పడేసి లేచింది.

"ఏంది బిడ్డా? మందులేమన్న తప్పు పడ్డయా?"

"లేదు పెద్దమ్మా. మిమ్మల్ని చూద్దామని."

ఆమె ఒక నిమిషం నన్ను అర్థంకానట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా, "ఈమె మా మందులమ్మ," అంది. కూతుళ్ళు నవ్వి కుర్చీ వేశారు. ఒకామె, "అమ్మ మీ ముచ్చట మస్తు చెప్తది మేడం, మైకు ముచ్చటైతే పొద్దుగాల్ల పొద్దుగూకాల," అంది. నేను మాత్రం వాళ్ళ గురించి ఆమె నోట ఒక్క ముక్క కూడా వినలేదు. నాకు పిల్లల్లేరని తెలిసి ఆమె నా ముందు తన పిల్లల మాట ఎత్తలేదని, ఆ గుమ్మంలో కూర్చున్నాకే తట్టింది. తార్నాక దాకా అంత దూరం ఒక్కతే నడిచి రావటం కూడా, ఈ ఇంటి సందడి నుంచి కాసేపు తప్పించుకోవటానికేనేమో. నేను మనుషుల కోసం ఆ బెంచీ వైపు చూసేదాన్ని. ఆమె కాస్త ఊపిరి కోసం అక్కడికొచ్చేది.

అన్నం పెట్టారు. చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. ఆమె పక్కన కూర్చుని వడ్డించింది. పిల్లలు వచ్చి నన్ను చూసి పోయారు. ఒక పాప తన వేలికున్న దెబ్బ చూపించి మందు అడిగింది. సంచిలో ఏమీ లేదని చెబితే నమ్మలేదు. మాటల మధ్యలో ఎవరో పిలుస్తూనే ఉన్నారు, పెద్దమ్మ లేస్తూ కూర్చుంటూనే ఉంది. మేమిద్దరం షాపులో మాట్లాడుకున్నంత కూడా అక్కడ మాట్లాడుకోలేదు.

బయలుదేరుతుంటే గల్లీ చివరిదాకా వచ్చింది.

"మల్ల ఎప్పుడొస్తవు?"

"వస్తాను," అన్నాను.

"వస్తానంటే ఎప్పుడు?"

ఆమె నా చెయ్యి పట్టుకుని, విడిచిపెట్టి, "సరే, నీ ఇష్టం. వచ్చే ముందు ఫోన్ కొట్టు, కూర మంచిగ ఒండుత," అంది. లోపల్నుంచి మళ్ళీ ఎవరో పిలిచారు, వెళ్ళింది.

క్యాంపస్‌లోకి వచ్చాను. ఆదివారం కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయి, క్రికెట్ ఆడే పిల్లల కేకలు తప్ప. బండరాళ్ళ దగ్గర ఒకచోట ఎక్కి కూర్చున్నాను. రాయి ఇంకా వేడిగా ఉంది. ఫోన్ తీసి తమ్ముడికి చేశాను. భోజనం చేశావా అక్కా అని అడిగాడు. చేశాను, చిక్కుడుకాయ కూర అన్నాను. ఎవరింట్లో అన్నాడు. తెలిసినవాళ్ళింట్లో అన్నాను.